గింజ దించాక, డబ్బు అందేలోపు

(వ్యవసాయ విద్యార్థులు, రైతులు కలిసి కూర్చున్న ఒక సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచినవాళ్లు ఏం మాట్లాడతారని ఫోన్లో అడిగితే, అమెరికా రాష్ట్రాల్లో ధాన్యం వ్యాపారుల మీద ఉండే చట్టాల గురించి అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "రైతులు కూడా వస్తున్నారు సార్, వాళ్లకు అమెరికా ఎందుకండీ" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే మా ఇంటి నుంచి మొదలుపెడతాను.

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా నాన్న నలభై రెండు బస్తాల మొక్కజొన్న ఒక వ్యాపారికి వేశాడు. ఊరూరూ తిరిగి కొనే మనిషి. కాంటా మా కల్లంలోనే పెట్టించాడు. ధర మార్కెట్లో కన్నా క్వింటాకు కాస్త ఎక్కువే చెప్పాడు. అక్కడే అనుమానం రావాల్సింది, రాలేదు. నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి బస్తాలెన్ని, కిలోలెన్ని, ధరెంత అని రాసి, కింద ఒక పొడి సంతకం పెట్టి నాన్న చేతికిచ్చాడు. పదిహేను రోజుల్లో డబ్బన్నాడు. నెల దాటాక తెలిసింది, ఐపీ పెట్టాడని. ఐపీ అంటే ఏమిటో మా ఊళ్లో అక్షరం ముక్క రానివాళ్లకు కూడా తెలుసు. విడమరిచి చెప్పమంటే డిగ్రీ చదువుతున్న నాకు తెలియదు. (నవ్వులు)

ఇందులో ధరలో మోసం లేదు. తూకంలో మోసం లేదు. తేమ పేరు చెప్పి కోసింది కూడా లేదు. అంతా పద్ధతిగానే జరిగింది, డబ్బొక్కటే రాలేదు. ధాన్యం అమ్మకం అనగానే మనం ధర గురించి మాట్లాడతాం, తరుగు గురించి మాట్లాడతాం. గింజ మన చేయి దాటిపోయి, డబ్బు ఇంకా చేతికి రాని ఆ కొద్ది రోజుల సంగతి పెద్దగా పట్టించుకోం. అమెరికాలో మొక్కజొన్న, సోయా, గోధుమ పండే రాష్ట్రాలు ఎన్నో ఏళ్లుగా బుర్రలు బద్దలుకొట్టుకుంటున్నది ఆ కొద్ది రోజుల గురించే. నేను ఆ చట్టాల జోలికి వెళ్లింది అందుకే.

ముందు ఒక మాట తెలుసుకోవాలి. అక్కడ గ్రెయిన్ ఎలివేటర్ అంటారు. మనం ఎక్కే లిఫ్ట్ అనుకునేరు. గింజను బకెట్ల గొలుసుతో పైకి తోడి, ఎత్తైన బిన్నుల్లో, అంటే పెద్ద పెద్ద గాదెల్లో పోసే గోదాం అది. ఆవిరి యంత్రంతో నడిచే అలాంటి గోదాం 1842లో బఫెలో రేవులో మొదలైంది. తర్వాత చికాగో దానికి రాజధాని అయింది. దీనివల్ల ఒక పెద్ద మార్పు వచ్చింది. బస్తాలున్న కాలంలో నీ బస్తా నీదే, దాని మీద నీ గుర్తు ఉంటుంది. బిన్నులోకి పోశాక నీ గింజ, నా గింజ కలిసిపోతాయి. నీకు మిగిలేది ఒక రసీదు. ఆ రసీదే చేతులు మారుతుంది, దాన్నే బ్యాంకులో తాకట్టు పెడతారు. మరి రసీదులో ఉన్నంత గింజ బిన్నులో ఉందా? చూసేదెవరు?

చికాగోలో మన్ అండ్ స్కాట్ అని ఒక ఎలివేటర్ కంపెనీ ఉండేది. 1872లో లెక్కలు చూడటానికి తనిఖీ మనుషులు వస్తున్నారంటే, వీళ్లు కొన్ని బిన్నుల్లో పైభాగాన అడ్డంగా చెక్కలు కొట్టి, వాటి మీద గింజ పోయించారు. పైనుంచి తొంగిచూస్తే బిన్ను నిండుగా కనిపిస్తుంది. చెక్కల కింద గాలి. మన దగ్గర పైన మంచి గింజ పోసి కింద తాలు పెట్టిన బస్తా చూసినవాళ్లకు ఈ విద్య కొత్తగా ఏమీ అనిపించదు. సంగతి బయటపడింది, కంపెనీ మునిగింది, వాళ్లిద్దరినీ చికాగో వర్తక సంఘం వెలివేసింది.

వీళ్ల పేరు చరిత్రలో నిలిచింది మాత్రం ఇంకో కేసు వల్ల. ఇల్లినాయ్ రాష్ట్రం 1870లో రాసుకున్న రాజ్యాంగంలోనే ధాన్యం గోదాముల మీద ఒక అధ్యాయం పెట్టింది. 1871లో చట్టం చేసి, ఎలివేటర్ నడపాలంటే లైసెన్స్ తీసుకోవాలి, నిల్వ కిరాయి ఇంతకు మించకూడదు అంది. రైలు కిరాయిలతో, గోదాం కిరాయిలతో విసిగిపోయిన రైతులు గ్రేంజ్ సంఘాలు కట్టుకుని కదులుతున్న కాలం అది. మన్ అండ్ స్కాట్ లైసెన్స్ తీసుకోలేదు. వంద డాలర్ల జరిమానా పడింది. నా గోదాం, నా ఇష్టం, కిరాయి చెప్పడానికి ప్రభుత్వమెవరు అని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1877లో తీర్పొచ్చింది. ప్రధాన న్యాయమూర్తి మోరిసన్ వెయిట్ చెప్పిన దాని సారం ఇది: సొంత ఆస్తే అయినా, ఊరంతా దాని మీద ఆధారపడేలా దాన్ని వాడుతున్నప్పుడు ఊరి మంచి కోసం దాన్ని అదుపు చేసే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది. తొమ్మిది మందిలో ఏడుగురు ఒప్పుకున్నారు. జస్టిస్ ఫీల్డ్ గట్టిగా వ్యతిరేకించాడు. ఇలాగైతే ఏ వ్యాపారం మీదైనా చెయ్యి వేయొచ్చు కదా అన్నది ఆయన వాదన. ఆయన భయం పూర్తిగా కొట్టిపారేసేది కాదని నాకనిపిస్తుంది. తీర్పు వచ్చేనాటికి మన్ అండ్ స్కాట్ వ్యాపారమే లేదు, అది వేరే సంగతి.

కోర్టు ఆమోదించింది కిరాయి మీద అదుపును. గింజ ధర మాటేమిటి? నార్త్ డకోటా ఆ పని కూడా చేయబోయింది. 1919 చట్టంలో, ధాన్యం కొనేవాళ్లు లైసెన్స్ తీసుకోవాలి, వాళ్లెంత లాభం వేసుకోవచ్చో రాష్ట్ర అధికారి చూస్తాడు అని రాసుకున్నారు. 1922లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ గోధుమలు దాదాపుగా పక్క రాష్ట్రానికి పోయేవే, రాష్ట్రాల మధ్య వ్యాపారం మీద ఒక రాష్ట్రం ఇలా పెత్తనం చేయకూడదు అంది. అదే ఏడాది నార్త్ డకోటా గ్రాండ్ ఫోర్క్స్‌లో సొంతంగా పిండిమిల్లు, ఎలివేటర్ తెరిచింది. నమ్ముతారో లేదో, అది ఇవాళ్టికీ ప్రభుత్వ మిల్లుగానే నడుస్తోంది. అమెరికాలో! (నవ్వులు)

అలా రాష్ట్రాలకు ధర దారి దాదాపుగా మూసుకుపోయింది. మిగిలింది డబ్బు అందే దారి. దాని మీదే కూర్చున్నాయి.

ఇప్పుడు అయోవా రాష్ట్రంలో ఒక రైతు మొక్కజొన్న లారీ తోలుకుని ఎలివేటర్‌కు వెళ్లాడనుకోండి. లారీ వేబ్రిడ్జి ఎక్కుతుంది. పైనుంచి ఒక గొట్టం దిగి నాలుగైదు చోట్ల గింజను పీల్చుకుంటుంది. తేమ చూస్తారు, చెత్త చూస్తారు, గింజ బరువు చూస్తారు. గింజ దించి, ఖాళీ లారీ మళ్లీ తూచి, చేతిలో ఒక స్లిప్ పెడతారు. దాన్ని స్కేల్ టికెట్ అంటారు. నిండు బరువు, ఖాళీ బరువు, నికరం, తేమ శాతం అన్నీ అందులో ఉంటాయి. నికరాన్ని బుషెళ్లలోకి మారుస్తారు. మొక్కజొన్నకు బుషెల్ అంటే 56 పౌండ్లు, మన లెక్కలో ఇరవై ఐదున్నర కిలోలకు కాస్త తక్కువ. సోయా, గోధుమలకు 60 పౌండ్లు.

ఆ స్లిప్ మీద తూకం ఎంత స్పష్టంగా ఉన్నా, అసలు తేలాల్సింది ఇంకొకటుంది. ఈ గింజ అమ్మాడా, దాచుకోమని ఇచ్చాడా?

దాచుకోమని ఇస్తే గింజ ఇంకా రైతుదే. ఎలివేటర్ కాపలాదారు మాత్రమే. అది మునిగినా ఆ గింజ మీద రైతుకు హక్కుంటుంది. అమ్మితే, లారీ ఖాళీ అయిన క్షణం నుంచి గింజ వ్యాపారిది, రైతు అతని నుంచి బాకీ రావాల్సినవాళ్ల వరసలో ఒకడు. ఇక మూడోది ఉంది, అదే ప్రమాదం. "గింజ ఇప్పుడు దించుతాను, ధర తర్వాత చూసుకుందాం" అనే ఒప్పందం. మార్కెట్ పెరుగుతుందని ఆశ ఉన్న రైతు దీనికి తేలిగ్గా ఒప్పుకుంటాడు, పైగా కొన్నిసార్లు నిల్వ కిరాయి కూడా మిగులుతుంది. కానీ గింజ వ్యాపారిదైపోయింది, వాడు మర్నాడే దాన్ని అమ్మి ఆ డబ్బు తిప్పుకోవచ్చు. రైతు దగ్గర గింజా లేదు, డబ్బూ లేదు, చివరికి ధర కూడా లేదు. వడ్డీ లేకుండా, హామీ లేకుండా వ్యాపారికి అప్పు ఇచ్చాడన్నమాట. ఆ అప్పు ఇచ్చానని చాలామందికి తెలియను కూడా తెలియదు.

మా నాన్నకు కూడా తెలియదు. ఆయన లెక్కలో ఆయన మక్కలు అమ్మాడు, అంతే.

అందుకే అయోవా చట్టం ఈ ఉద్దర అమ్మకాన్ని విడిగా గీత గీసి చూపిస్తుంది. ముప్పై రోజులు దాటి డబ్బు ఇచ్చే ఒప్పందమైతే దాన్ని క్రెడిట్ సేల్ కింద లెక్కగట్టి, రాతపూర్వకంగా సంతకాలతో ఉండాలంటుంది. అలాంటి కొనుగోళ్లు చేసే వ్యాపారి ఆర్థిక పరిస్థితిని మరింత గట్టిగా చూస్తుంది. చాలా రాష్ట్రాల్లో ఇలాంటి ఒప్పందాలకు రక్షణ తగ్గుతుంది, కొన్నిచోట్ల అసలు ఉండదు. సంతకం పెట్టే ముందు చదవాల్సిన వాక్యం అదొక్కటే, చిన్న అక్షరాల్లో ఉండేదీ అదే.

ఇక వ్యాపారి వైపు సంగతి. లైసెన్స్ లేకుండా రైతు దగ్గర గింజ కొనకూడదు. లైసెన్స్ కావాలంటే ఏటా ఆస్తి, అప్పుల పట్టిక రాష్ట్రం ముందు పెట్టాలి. చేతిలో ఉండాల్సిన కనీస సొమ్ముకు లెక్క ఉంటుంది, అది తగ్గితే బాండు పెట్టమంటారు, అంటే వ్యాపారి డబ్బు ఎగ్గొడితే రైతులకు కట్టే పూచీ. ఇన్‌స్పెక్టర్లు వస్తారు, చాలాసార్లు చెప్పకుండానే వస్తారు. నాకు బాగా నచ్చింది వాళ్లు చేసే కొలత. బిన్ను మీదికెక్కి, టేపు వదిలి, పైకప్పు నుంచి గింజ దాకా ఎంత ఖాళీ ఉందో చూస్తారు. బిన్ను వ్యాసం తెలుసు, ఎత్తు తెలుసు, నడుమ గింజ గుట్టగా లేచిందా, గుంటపడిందా చూసి లెక్క సరిచేసి, లోపల ఎన్ని బుషెళ్లున్నాయో కడతారు. కిందికి దిగి పుస్తకాల్లో రైతులకు చూపించాల్సిన గింజ ఎంతో చూస్తారు. ఈ రెండు అంకెలూ కలవాలి. చెక్కలు కొట్టిన ఆ చికాగో బిన్నులు గుర్తున్నాయి కదా, ఈ టేపు వాటి కోసమే పుట్టిందనిపిస్తుంది నాకు.

అయినా మునిగేవాళ్లు మునిగారు. మిస్సోరిలో రిస్టీన్ అనే చోట 1980లో ఒక ఎలివేటర్ కంపెనీ ఐపీ పెట్టింది. వాళ్ల భాషలో బ్యాంక్‌రప్ట్సీ. లోపల రైతులు దాచుకున్న సోయా ఉంది. కోర్టు దాన్ని కంపెనీ ఆస్తితో కలిపి ఆపేసింది, తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదంది. వేన్ క్రిట్స్ అనే రైతువి ముప్పై వేల బుషెళ్లకు పైగా అందులో ఉన్నాయి. చూశాడు, చూశాడు, 1981 ఫిబ్రవరిలో ఎన్నో రాష్ట్రాల నుంచి వచ్చిన రైతులను వెంటబెట్టుకుని, ఫెడరల్ మార్షల్స్, అంటే కేంద్ర కోర్టుల పోలీసులు, చూస్తుండగానే గేటు దాటి తన సోయా తాను లారీలకెత్తుకుని పోయాడు. కోర్టు ధిక్కారం కేసు పడింది, తర్వాత జైలుకు కూడా వెళ్లాడు. చట్టం పక్కన నిలబడి చూస్తే అతను చేసింది తప్పే. నేను లాయర్లతో వాదించను. కానీ 1984లో అమెరికా పార్లమెంటు దివాలా చట్టాన్ని సవరించి, ధాన్యం గోదాం మునిగితే గింజ ఎవరిదో త్వరగా తేల్చాలని ప్రత్యేకంగా ఒక సెక్షన్ రాసింది, రైతు బాకీకి కొంతమేర ముందు వరసలో చోటిచ్చింది. రైతుకు 2,000 డాలర్ల దాకా. పెద్ద మొత్తం కాదు. ఆ తర్వాత పెంచుకుంటూ వచ్చారు.

రాష్ట్రాలకు కూడా అప్పుడే తత్వం బోధపడింది. బాండు అనేది వ్యాపారి వేసే గొడుగు, వాన పెద్దదైతే అందరూ దాని కింద పట్టరు. దాంతో ఇల్లినాయ్, ఒహాయో 1983లో, అయోవా 1986లో పరిహార నిధులు పెట్టాయి. అయోవా పద్ధతి చూడండి. అమ్మిన ప్రతి బుషెల్ మీద పావు సెంటు. వెయ్యి బుషెళ్లకు, అంటే పాతిక టన్నులకు పైచిలుకు గింజకు, రెండున్నర డాలర్లు. నిధి నిండితే వసూలు ఆపేస్తారు, తరిగితే మళ్లీ మొదలుపెడతారు. అలా ముప్పై ఏళ్లకు పైగా వసూలు లేకుండా నడిచింది. తర్వాత వరసగా వ్యాపారులు మునగడంతో 2023లో మళ్లీ మొదలుపెట్టారు. లైసెన్స్ ఉన్న వ్యాపారి మునిగితే, ఒక గరిష్ఠ పరిమితికి లోబడి, రైతు నష్టంలో 90 శాతం ఇస్తుంది ఆ నిధి. నూటికి నూరు ఎందుకు ఇవ్వరంటే, పూర్తిగా ఇస్తామంటే రైతు ఇక వ్యాపారి ముఖం చూడడు, నాలుగు సెంట్లు ఎక్కువ చెప్పినవాడికల్లా పోస్తాడు. ఆ పది శాతం రైతు చేత వాకబు చేయించడానికి. జాగ్రత్తగా అమ్ముకునే రైతు సొమ్ముతో అజాగ్రత్త రైతును ఆదుకుంటున్నారని ఈ నిధుల మీద ఒక విమర్శ ఉంది. అందులో నిజముంది. అయినా నేను నిధి వైపే ఉంటాను. నేనెందుకు అటున్నానో మీకిప్పుడు తెలుసు.

అన్ని రాష్ట్రాల్లోనూ ఇంత పకడ్బందీగా ఉందనుకోకండి. వ్యాపారి లైసెన్సే లేని రాష్ట్రాలు కూడా ఉన్నాయి. గోదాం నడిపేవాళ్లు రాష్ట్రం బదులు కేంద్ర లైసెన్స్ తీసుకునే దారి 1916 నుంచీ ఉంది. ఆ చిక్కుల్లోకి ఇవాళ వెళ్లను.

మన దగ్గరికి వస్తాను. 2020లో వచ్చిన సాగు చట్టాల మీద ఎంత గొడవ జరిగిందో మీకు తెలుసు. యార్డు బయట ఎవరైనా కొనొచ్చన్న చట్టంలో వ్యాపారికి కావాల్సింది పాన్ కార్డు. డబ్బు అదే రోజు, లేదంటే మూడు పనిదినాల్లో ఇవ్వాలని రాశారు. మంచి మాటే. ఇవ్వకపోతే? ఆర్డీవో దగ్గరికి వెళ్లాలి. వ్యాపారి దగ్గరే లేకపోతే? దానికి బాండు లేదు, నిధి లేదు, లెక్కల తనిఖీ లేదు. ఆ రోజుల్లో టీవీల్లో ఒక వాదన తెగ వినిపించేది, అమెరికాలో చూడండి, రైతు ఎవరికైనా అమ్ముకుంటాడు అని. ఎవరికైనా అమ్ముకుంటాడు, నిజమే. ఆ ఎవరైనా అనేవాడి బిన్ను మీదికి ప్రభుత్వం టేపు పట్టుకుని ఎక్కుతుందన్న ముక్క ఎవరూ చెప్పలేదు. చట్టాలు 2021 చివర్లో రద్దయ్యాయి. ఆ ప్రశ్న మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మన 1966 మార్కెట్ల చట్టంలో లైసెన్స్ ఉంది. యార్డులో కాంటా ఉంది, తూకం, ధర రాసిచ్చే తక్‌పట్టీ ఉంది. కల్లంలో కొనుక్కుపోయేవాడి దగ్గర ఏముందో మీకు నేను చెప్పాలా?

నా మాట ఇక్కడికి ఆపుతాను. ఏమైనా అడగాలంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, సహకార సంఘాలకు కూడా లైసెన్స్ కావాలా?)

కావాలమ్మా. అక్కడ ఎలివేటర్లలో చాలావాటిని రైతుల సహకార సంఘాలే నడుపుతాయి. మనవాళ్లదే కదా అని వదిలేయరు. సంఘాలు కూడా మునుగుతాయి.

(ఒక రైతు: తేమ కోతల సంగతేంటి సారూ? అక్కడ కోయరా?)

కోస్తారన్నా, ఎందుకు కోయరు. (నవ్వులు) తేమ చూసే మీటరు, వేబ్రిడ్జి సరిగ్గా ఉన్నాయా లేదా అని తనిఖీ ఉంటుంది. ఎంత తేమకు ఎంత కోత అన్నది మాత్రం చాలావరకు కొనేవాడి ఇష్టం. పక్క ఎలివేటర్‌లో అంతకంటే తక్కువ కోస్తే రైతు అటు తోలతాడు. ముప్పై మైళ్లలో మూడు ఎలివేటర్లుంటే ఆ మందు పనిచేస్తుంది, ఒక్కటే ఉంటే పనిచేయదు. ఇందులో వాళ్లు మనకంటే గొప్పగా ఏమీ లేరు.

(మరో రైతు: మీ నాయిన పైసలు వచ్చినయా మరి?)

సగం వచ్చాయి. నాలుగేళ్లు పట్టింది, తిరగ్గా తిరగ్గా. ఒకసారి వెయ్యి, ఒకసారి ఐదొందలు. ఒక ఏడాది డబ్బు బదులు రెండు బస్తాల యూరియా ఇచ్చాడు. నాన్న వద్దనలేదు, అదును అది. సైకిల్ మీద రెండు ట్రిప్పులు వేసి తెచ్చుకున్నాడు.